అద్దం ముందు నిలబడితే భక్తి తగ్గుతుందా?

  

శ్రావణమాసం వచ్చిందంటే చాలు, మన చెల్లెళ్ల దగ్గర్నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అక్కా, నాకు రెడీ అవ్వడం అంటే చాలా ఇష్టం. కాటుక, లిప్‌స్టిక్, మ్యాచింగ్ గాజులు లేకుండా గడప దాటను. వరలక్ష్మీ వ్రతం రోజు కూడా ముందు అద్దం, తర్వాతే పూజగది. ఇంత సోకు చేసుకునేదానికి దేవుడి మీద ధ్యాస ఎక్కడుంటుంది అని ఇంట్లో అంటున్నారు. నిజంగా తప్పేనా?"

వీడియోలో దీనికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయొచ్చు. "తప్పు కాదమ్మా, కానీ హద్దులో ఉండాలి" అంటే అందరూ తల ఊపుతారు. కానీ ఆ హద్దు ఎక్కడుంది? ఎవరు గీశారు? కుర్తా పొడవు దగ్గరా, లిప్‌స్టిక్ రంగు దగ్గరా? అది చెప్పకుండా వదిలేస్తే అడిగిన అమ్మాయికి మనం ఇచ్చిందేమీ లేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

రెండు ఊళ్లు, ఇద్దరు దేవుళ్లు

మాది తాండూరు. మా మేనత్త వాళ్లది వికారాబాద్. మధ్యలో సుమారు 40 కిలోమీటర్లు. నా చిన్నప్పటి సెలవులన్నీ ఈ రెండు ఊళ్ల మధ్య రైల్లోనే గడిచాయి.

వికారాబాద్ అంటే అనంతగిరి, ఆ కొండ మీద అనంతపద్మనాభస్వామి. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటని స్థలపురాణం. మూసీ నది పుట్టేది కూడా ఆ కొండల్లోనే. తాండూరు అంటే భావిగి భద్రేశ్వరస్వామి, ఊరి దగ్గర్లో భూకైలాస్, పొద్దున్నే నుదుటి మీద విభూతి రేఖలతో కనిపించే పెద్దమనుషులు. ఒక ఊరు విష్ణువుది, ఒక ఊరు శివుడిది అని మేం పిల్లలం పంచేసుకున్నాం.

విష్ణువు అలంకార ప్రియుడు, శివుడు అభిషేక ప్రియుడు అని పెద్దలు అంటారు కదా. ఒకాయనకి పట్టుబట్టలు, కిరీటం, పూలదండలు. ఇంకొకాయనకి చెంబెడు నీళ్లు, ఒక మారేడు దళం, ఒంటి నిండా బూడిద. అనంతగిరి ఎక్కి "స్వామికి ఇంత సోకెందుకు" అన్నవాళ్లని నేను చూడలేదు. శివాలయంలో నిలబడి "మంచి బట్ట కట్టుకోవచ్చు కదా" అన్నవాళ్లనీ చూడలేదు. దేవుడి దగ్గర రెండు పద్ధతులూ మనకి ఒప్పే. అదే ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి, రెడీ అయితే "సోకులాడి" అంటాం, అవ్వకపోతే "అమ్మాయిలా ఉండొచ్చు కదా" అంటాం.

పూజలో అలంకారం ఎందుకు?

షోడశోపచారాలు మీకు తెలిసినవే. ఆవాహనం దగ్గర మొదలుపెట్టి వరసగా స్నానం, వస్త్రం, గంధం, ఆభరణం, పుష్పం అని సమర్పిస్తూ పోతాం. అంటే ముస్తాబు అనేది పూజకి అడ్డం వచ్చే పని కాదు, పూజలోనే ఒక భాగం. మరి మనం విగ్రహానికి నగలు ఎందుకు పెడతాం? నగలు పెడితేనే ఆయన దేవుడు అవుతాడనా? కాదు కదా. గంధం పెట్టకముందు కూడా ఆయన పూర్ణుడే. ఆయనలో ఏదో తక్కువైంది, దాన్ని పూడుద్దాం అని ఏ పూజారీ దండ వేయడు. నిండుగా ఉన్నవాణ్ణి చూసిన సంతోషం పట్టలేక వేస్తాడు.

నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్కటే. నిండుతనంలోంచి వచ్చేది అలంకారం. వెలితిలోంచి వచ్చేది రిపేరు. చేసే పని బయటికి ఒకేలా ఉంటుంది, అదే కాటుక, అదే అద్దం. లోపల మాత్రం రెండూ వేరు. "నేను బాగున్నాను, ఈ రోజు పండగ, ఇంకాస్త బాగుందాం" అనేది ఒకటి. "నేను ఇలా ఉంటే ఎవరికీ పనికిరాను, ముందు ఈ ముఖాన్ని సరిచేయాలి" అనేది ఇంకొకటి. అడగాల్సిన హద్దు ఇక్కడుంది. లిప్‌స్టిక్ రంగులో లేదు.

తాండూరు వైపు నుంచి పొద్దున రైల్లో లింగంపల్లి, బేగంపేట్ వైపు కాలేజీలకీ ఉద్యోగాలకీ వెళ్లే అమ్మాయిలని చూడండి. ఒకమ్మాయి ఫోన్‌ని అద్దంలా పట్టుకుంటుంది, పక్కమ్మాయి రైలు కుదుపు ఆగేదాకా చూసి టక్కున ఐలైనర్ గీసుకుంటుంది. క్లిప్ ఒకరిది, జడ ఇంకొకరిది. ఆ నవ్వుల్లో నాకెప్పుడూ పాపం కనిపించలేదు.

గోదమ్మ చేసిన పని

మన సంప్రదాయంలో అద్దం చూసుకున్న అమ్మాయి ఒకరున్నారు. గోదాదేవి. శ్రీవిల్లిపుత్తూరులో వాళ్ల నాన్న విష్ణుచిత్తులు స్వామి కోసం కట్టిన దండని ముందు తన మెడలో వేసుకుని, బావి నీళ్లలో తన నీడ చూసుకుని, ఆ తర్వాతే గుడికి పంపించేది. నాన్నకి తెలిసింది, అపచారం అని బాధపడ్డాడు, ఆ దండ పక్కన పెట్టేశాడు. స్వామి మాత్రం నాకు ఆమె వేసుకున్న దండే కావాలన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దంలో తెలుగులో రాసిన కావ్యం పేరే ఆముక్తమాల్యద, అంటే తాను ధరించి విడిచిన మాలని ఇచ్చిన అమ్మాయి.

ఆ అమ్మాయి బావిలో చూసుకున్నది తన అందానికి మార్కులు వేసుకోవడానికి కాదు. ఈ దండ ఆయనకి ఎలా ఉంటుందో తన మెడలో చూసుకుంది. తన ఒళ్లు ఆయనకి సరితూగేదే అన్న నమ్మకం ఆమెకి ముందే ఉంది. వెలితి ఉన్న మనిషి దేవుడి దండ ముట్టుకోవడానికే భయపడుతుంది.

నల్లరాయికి పాలు, నల్లపిల్లకి క్రీము

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. మన గుళ్లలో మూలవిరాట్టులు చాలావరకు నల్లరాతివే. కృష్ణ అన్న మాటకి అర్థమే నలుపు. మహాభారతంలో ద్రౌపది పేరు కూడా కృష్ణే, ఆమె రంగు నలుపే, ఆమె అంతటి అందగత్తె లేదనే కథ నడుస్తుంది. రోజూ పాలతో అభిషేకం చేస్తాం, ఆ రాయి నల్లగానే ఉంటుంది, మనం "నల్లనయ్యా" అని మురిసిపోతాం. ఆ చేతులతోనే వెళ్లి ఇంట్లో అమ్మాయి చెంపలకి ఏం రాస్తున్నాం?

మా బాబాయి కూతురిది నలుపు రంగు. డిగ్రీ అయింది, సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్లు టిఫిన్ తిని, అమ్మాయి పద్ధతిగా ఉందని మెచ్చుకుని, వెళ్తూ గుమ్మంలో "కొంచెం రంగు తక్కువ" అనేసి వెళ్లారు. వారం తిరక్కుండా తెలిసినవాళ్లు ఎవరో ఒక ట్యూబు తెచ్చిచ్చారు. మందుల చీటీ లేదు, ఏం కలిసిందో చెప్పేవాళ్లు లేరు. మొదటి రెండు వారాలు ముఖం తెల్లబడినట్టే అనిపించింది, ఇంట్లో అందరికీ సంతోషం. తర్వాత ఎండలోకి వెళ్తే మంట మొదలైంది. బుగ్గలు ఎర్రగా కమిలాయి, మొటిమలు, సన్నటి వెంట్రుకలు. క్రీము మానేస్తే ఇంకా ఎక్కువైంది. చివరికి చర్మ వైద్యుల దగ్గరికి తీసుకెళ్తే అందులో స్టెరాయిడ్ ఉందని తేలింది. తగ్గడానికి నెలలు పట్టింది.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేదాన్ని కాదు. దేశం మొత్తం మీద ఇదే గోల ఉండబట్టే 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ స్టెరాయిడ్ క్రీములు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఎవరైనా "పది రోజుల్లో తెల్లబడతావు" అని ట్యూబు ఇస్తే దయచేసి ముఖానికి రాయకండి. ఇప్పటికే వాడుతుంటే చర్మ డాక్టరుని కలవండి, ఎలా మానాలో వాళ్లే చెప్తారు.

కంపెనీలని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ సంగతికొస్తే, 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ పేరుతో అమ్మిన క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది, పేరులోంచి ఫెయిర్ అన్న మాట పోయింది. మన పెళ్లి బయోడేటాల్లోంచి అది ఇంకా పోలేదు. క్రీములు రాకముందు మాత్రం మనం అమాయకులమా? కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగితే పిల్ల తెల్లగా పుడుతుందని చెప్పింది ఏ కంపెనీ? నలుగు పెట్టేటప్పుడు "బాగా రుద్దవే, కాస్త రంగు తేలుతుంది" అన్నది ఏ ప్రకటన? సున్నిపిండి తప్పు కాదు, నాకూ ఇష్టమే. దాని వెనక ఉన్న ఆశ తప్పు.

మా ఊరి నాపరాయి గురించి తెలియనివాళ్లు ఉండరు. గనిలోంచి తీసినప్పుడు గరుకుగా, దుమ్ముగా ఉంటుంది. పాలిష్ పట్టాక దాని సొంత నీలమో పసుపో బయటికి వస్తుంది. తాండూరు నీలం బండ కావాలని ఎక్కడెక్కడివాళ్లో అడిగి తీసుకెళ్తారు. పాలిష్ పట్టేవాళ్లు ఎవరూ దాన్ని తెల్ల పాలరాయి చేద్దామని చూడరు. ముఖం కడుక్కోవడం, నూనె రాసుకోవడం, ఎండకి సన్‌స్క్రీన్ పూసుకోవడం అంతా నాకు పాలిష్ పట్టడంలాగే కనిపిస్తుంది. రంగు మార్చుకోవాలన్న పంతం మాత్రం రాయినే కాదనడం.

బామ్మ అవే బట్టలు

ఇంకొక వెలితి ఉంది, దాని పేరు ట్రెండ్. వికారాబాద్, తాండూరు, పరిగి చుట్టూ లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. అక్కడి పెద్ద ఆడవాళ్ల బట్టలు మీరు చూసే ఉంటారు. ఫేటియా, కాంచళి, తల మీద టుక్రి, చేత్తో కుట్టిన అద్దాలు, నాణేలు, చేతుల నిండా గాజులు, జుట్టుకి వెండి. నాతో ఇంటర్ చదివిన ఒక స్నేహితురాలిది అలాంటి తండానే. అప్పట్లో వాళ్ల బామ్మ తాండూరు బస్టాండుకి వస్తే తను నాలుగడుగులు దూరంగా నడిచేది. అందరూ వింతగా చూస్తారని.

ఇప్పుడు ఆక్సిడైజ్డ్ నగలు, అద్దాల బ్లౌజులు ఫ్యాషన్. హైదరాబాద్ షాపుల్లో బామ్మ నగల పోలికలోనే ఇమిటేషన్ సెట్లు దొరుకుతున్నాయి. తీజ్ పండగకి, తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే ఆ పండగకి, నా స్నేహితురాలు బామ్మ పెట్టె తెరిచి ఆ బట్టలే వేసుకుంది. ఫోటోలకి లైకులే లైకులు. బామ్మ వాళ్ల భాషలో ఒక మాట అందట. "బట్టలు అవే, నేనూ అదే. మీ కళ్లకేనా ఇప్పుడు చూపొచ్చింది?"

ఆ బట్టలు వేసుకోవడం మంచిదే, నాకు సంతోషమే. కానీ బామ్మ అడిగింది చిన్న ప్రశ్న కాదు. మన వాళ్లు అందంగా ఉన్నారో లేదో కూడా బయటివాళ్లు ఒప్పుకున్నాకే మనకి తెలుస్తోందా? ఈ సంవత్సరం గ్లాస్ స్కిన్, వచ్చే సంవత్సరం ఇంకోటి. ట్రెండ్‌తో ఆడుకోవచ్చు. మన విలువ ఎంతో దాన్ని అడగకూడదు.

అన్నీ వదిలేసినా...

"అయితే అక్కా, అసలు ఏ ముస్తాబూ లేకుండా ఉంటే గొడవే ఉండదు కదా" అంటారేమో. దానికీ మనకి దగ్గర్లోనే ఒక జవాబుంది. తాండూరు దాటితే కర్ణాటకే. 12వ శతాబ్దంలో ఆ నేల మీద అక్క మహాదేవి ఉండేది. చెన్నమల్లికార్జునుడే నా భర్త అని, నగలే కాదు, బట్టలు కూడా వదిలేసి, జుట్టే కప్పుకుని నడిచింది. ఆమె ఇప్పటి బీదర్ జిల్లాలో ఉన్న కల్యాణానికి చేరి శరణుల సభలో అడుగుపెడితే, అన్నీ విడిచినదానివి ఆ జుట్టెందుకు కప్పుకున్నావు అని అల్లమప్రభువు అడిగాడని చెప్తారు. అది పరీక్షే, ఆమె నిబ్బరంగా జవాబిచ్చి అందరి చేతా అక్క అనిపించుకుంది. అక్కడి నుంచి శ్రీశైలం వెళ్లింది.

నన్ను ఆపేసింది ఆ ప్రశ్నే. నగ పెట్టుకున్నా, పెట్టుకోకపోయినా, ఆడమనిషిని అడిగే ప్రశ్న ఆమె ఒంటి దగ్గరే మొదలవుతుంది. కాబట్టి వదిలేయడం ఒక్కటే విముక్తి కాదు. గోద ధరించి చేరింది, అక్క విడిచి చేరింది. ఇద్దరి మధ్యా పోలిక ఒకటే. ఇద్దరూ ఊరివాళ్ల కళ్లతో తమని తాము కొలుచుకోలేదు.

మీరు ఒక మాట అడగొచ్చు, అది న్యాయమైన మాటే. "లోపల నిండుగా ఉండు అని చెప్పడం తేలిక. ఇంటర్వ్యూలో ముఖం చూస్తారు, పెళ్లిచూపుల్లో రంగు చూస్తారు. వెలితి నా మనసులో పుట్టిందా, వాళ్లు పెట్టిందా?" నిజమే. చాలావరకు వాళ్లు పెట్టిందే. మా చెల్లి ఆ ట్యూబు తనకై తాను కొనుక్కోలేదు. అందుకే ఈ విషయంలో సాధన ఒక్క ఆడపిల్లకే వదిలేయడం అన్యాయం. చూసే కళ్లకే ముందు సాధన కావాలి. ఇది చదువుతున్న అన్నలూ, తమ్ముళ్లూ, అమ్మలూ, అత్తమ్మలూ, పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు రంగు మాట నోటి దాకా వస్తే ఇంట్లో పూజగదిలో ఉన్న నల్లనయ్యని ఒక్కసారి తలుచుకోండి. ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది.

గుడి బట్టల సంగతి కూడా చాలామంది అడుగుతారు. తిరుమలలో ఆర్జిత సేవలకి సంప్రదాయ దుస్తులు ఉండాలంటారు, అది ఆ చోటి మర్యాద. పెళ్లికి ఒక బట్ట, ఆటకి ఒక బట్ట ఉన్నట్టే. మర్యాద పాటిద్దాం. కానీ జీన్స్ వేసుకున్న అమ్మాయికి భక్తి లేదని, పట్టుచీర కట్టినామెకి ఉందని తేల్చే పని మనది కాదు.

ఒక గురువారం

చేయడానికి ఒక చిన్న పని చెప్తాను. అలంకార ప్రియుడైన ఆ వేంకటేశ్వరస్వామికే తిరుమలలో ప్రతి గురువారం పెద్ద ఆభరణాలు తీసేస్తారు. వారమంతా కళ్లని కప్పే నామాన్ని సన్నగా చేస్తారు. అప్పుడు స్వామి కళ్లు కనిపిస్తాయి. దాన్నే నేత్ర దర్శనం అంటారు, దాని కోసమే ఎదురుచూసే భక్తులున్నారు. ఆ సాయంత్రమే పూలంగి సేవ, ఒళ్లంతా పూలే. మర్నాడు శుక్రవారం అభిషేకం. తీసేయడం, అలంకరించడం, అభిషేకం, మూడూ ఆ గడపలోనే జరుగుతాయి. నగలు తీసినప్పుడు ఆయన తగ్గడు. పెట్టినప్పుడు పెరగడు.

మీరూ వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆ రోజు ఫిల్టర్ వద్దు, మేకప్ వద్దు. ముఖం కడుక్కుని, దీపం పెట్టి, ఆ వెలుగులో మీ కళ్లని మీరు చూసుకోండి. చూస్తూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇవాళ ఇలాగే బయటికి వెళ్లగలనా, లేక భయంగా ఉందా? భయం లేకపోతే మర్నాడు మీకిష్టమైనంత ముస్తాబు అవ్వండి, కాటుక నిండుగా పెట్టుకోండి, అది అలంకారమే. భయం ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ భయం మొదట ఎవరి మాటతో వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఆ మాట దేవుడిది కాదు.

మా చెల్లి బుగ్గలు ఇప్పుడు మానాయి. తన రంగు తనకి తిరిగి వచ్చింది. మొన్న బతుకమ్మకి గునుగు పూలకి రంగులద్దుతూ చేతులన్నీ గులాబీ రంగు చేసుకుని, "అక్కా, ఈ రంగు మాత్రం నాకు బాగుంది కదా" అని నవ్వింది. తంగేడు పసుపుది, గునుగు తెల్లది. తెల్లగా ఉందని గునుగుని ఎక్కువ చేసి పైన పెట్టం. దానికే రంగులద్ది ఆడుకుంటాం, పొద్దు గుంకాక నీళ్లలో వదిలేస్తాం.

ఇంట్లో ఈ విషయం మీద గొడవ పడుతున్న వాళ్లుంటే, ఇది అమ్మకి కూడా చదివి వినిపించండి. వచ్చే వారం తీజ్, బతుకమ్మల గురించి వివరంగా మాట్లాడుకుందాం.

శుభం భూయాత్.